ఎలుగు గవి వెదురు

నేను 1973లో ఆళ్ళగడ్డ హైస్కూలుకు సోషల్ టీచరుగా వచ్చాను. ఊళ్ళో ఇల్లు దొరకలేదు. ఒంటరి ఆడది, పైగా కిరస్తానీ అని నోరు తెరిచి ఎవరూ అనలేదు గానీ, నేను చూడబోయిన ప్రతి ఇల్లూ ముందు రోజే ఎవరికో బాడుగకు కుదిరిపోయి ఉండేది. తిరిగి తిరిగి చివరికి మేదరగేరి మొదట్లో ఒక రేకుల ఇంట్లో దిగాను. వెదురుతో గంపలు, చాటలు అల్లి బతికే మేదరవాళ్ళ వీధి అది. తెల్లవారక ముందే వెదురు చీల్చే చప్పుడు మొదలయ్యేది. నంద్యాలలో పుట్టి పెరిగినదాన్ని, చర్చి గంటకు లేవడం నా అలవాటు. ఇక్కడ పక్కింటి మద్దిలేటి కత్తి చప్పుడుకు లేవాల్సి వచ్చింది. మొదటి నెలంతా తిట్టుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఆ మద్దిలేటి గురించే ఇప్పుడు రాస్తున్నాను. గొప్పవాడేమీ కాదు. ఊళ్ళో ఎవరిని అడిగినా మొండివాడంటారు, కొందరు పిచ్చివాడంటారు. పక్కింట్లో అన్నేళ్ళు ఉన్నదాన్ని కాబట్టి నా మాట కూడా ఒకటి ఉండాలి.

అప్పటికి అతనికి నలభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, చేతివేళ్ళ నిండా పాత గాట్లు. మాట తక్కువ, ఆ తక్కువ కూడా కరుకు. భార్య ఓబులమ్మ అందుకు పూర్తిగా వ్యతిరేకం. పొయ్యి రాజేసిన దగ్గర్నుంచి దీపం పెట్టేదాకా గేరి అంతా వినేలా మాట్లాడుతూనే ఉండేది. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఆమె నాతో ఒక్కసారే మాట్లాడింది, అతను ఎప్పుడూ మాట్లాడలేదు. ఫారెస్టు వాళ్ళ పర్మిటు తీసుకుని ఎద్దుల బండి మీద నల్లమలకు పోయి బొంగులు తెచ్చేవాడు. వాటిని చీల్చి సన్నని బద్దలు తీసి ఇద్దరూ వాకిట్లో కూర్చుని అల్లేవాళ్ళు. చుట్టుపక్కల రేగడి ఊళ్ళలో జొన్నలు చెరిగే చాట దగ్గర్నుంచి గింజలు పోసుకునే గరిసె దాకా ఈ గేరిలో పుట్టిందే.

నేను ఎనిమిదో తరగతికి చెప్పే పాఠాల్లో భూమ్మీది ప్రకృతి మండలాల పాఠం ఒకటుంది. వానా, ఎండా, నేలా కలిసి ఏ చోట ఏ బతుకు కుదురుతుందో తీర్మానిస్తాయి. అలా ఒకే తీరు బతుకున్న పెద్ద సీమను బయోమ్ అంటారు. టండ్రాలు, సవన్నాలు అని బట్టీ పట్టించడం నాకు చేతకాదు. అందుకే పిల్లల్ని అహోబిలం బస్సెక్కించి కిటికీలోంచి చూడమనేదాన్ని. ఊరు దాటగానే నల్లరేగడి, జొన్న చేలు. కాస్త ముందుకు పోతే నేల ఎర్రబడి తుమ్మ, రేగు, బలుసు, అన్నీ ముళ్ళే. కొండ మొదలయ్యాక టేకు, మద్ది, తునికి, వాటి కింద వెదురు పొదలు. నాలుగు నెలలు వాన, ఎనిమిది నెలలు ఎండ ఉన్న చోట చెట్టు నీళ్ళు దాచుకోవడానికి ఆకు రాల్చేస్తుంది. శివరాత్రి దాటితే నల్లమల బోడిగా కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుంటారు తెలియనివాళ్ళు. అది పొదుపు చేస్తోందంతే.

ఈ పాఠం మా వసారాలో ట్యూషను పిల్లలకు చెబుతుంటే మద్దిలేటి బద్దలు తీస్తూ వినేవాడు. "మీ పుస్తకంలో అడివి శానా సులువుగా ఉండాది టీచరమ్మా," అన్నాడొకసారి. నాకు కోపం వచ్చింది. ఎనిమిదో తరగతికి సులువుగా కాక ఇంకెలా చెప్పమంటావన్నాను. ఓబులమ్మ మాత్రం, మా ఆయనకు చాట తప్ప ఇంకేం తెలుసు, నువ్వు చెప్పు తల్లీ అని నన్ను సమాధానపరిచింది. మా స్నేహం అలాంటి చిన్న చిన్న జగడాలతోనే ముదిరింది.

1976 చలికాలం చివర్లో ఒక రోజు మద్దిలేటి బండి ఖాళీగా తిరిగి వచ్చింది. ఎద్దుల్ని విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు. అడివిలో వెదురు పూసిందన్నాడు. ఒక పొదా రెండు పొదలూ కాదు, కొండ వాలు వాలంతా. ఆకు మొత్తం రాలిపోయి బొంగుల నిండా ఎండిన వరి కంకుల్లాంటి గుత్తులు వేలాడుతున్నాయట. గేరిలో ఎవరూ ఆ పూత చూసినవాళ్ళు లేరు. మద్దిలేటి తల్లి పెళ్ళి కాకముందు ఒకసారి చూసిందట, ఆమె పోయి చాలా ఏళ్ళయింది. వెదురు పూస్తే కరువు వస్తుందనే మాట మాత్రం అందరికీ తెలుసు.

వెదురు గడ్డిజాతిది. వరి ఏడాదికోసారి పూసి చచ్చినట్టే వెదురు కూడా పూసి చస్తుంది, కాకపోతే దాని ఏడాది నలభై యాభై ఏళ్ళ పొడుగు. ఒకే కాలంలో మొలిచిన పొదలన్నీ ఒకేసారి పూస్తాయి, గింజ రాల్చి ఒకేసారి ఎండిపోతాయి. నంద్యాల కాలేజీలో బాటనీ చెప్పే లెక్చరరు ఒకాయన మా చర్చికి వచ్చేవాడు, ఆదివారం ఆయన్ని అడిగితే ఇదంతా ఓపిగ్గా చెప్పాడు. ఆ పొదలన్నీ ఇక చచ్చిపోతాయని గేరికి వచ్చి చెప్పింది నేనే. అది విని ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు, చీపుర్లు కట్టడం మొదలుపెట్టారు.

ఎందుకో చెప్పాలి. మేదరవాళ్ళకు వెదురు తల్లి. ఆ తల్లి పోతూ పోతూ పిల్లలకు వండిపెట్టే కడసారి అన్నం వెదురు బియ్యం అని ఆ గేరి నమ్మకం. మెతుకు కింద పడితే తీసి కళ్ళకద్దుకునే జనం మనం, తల్లి కడసారి వడ్డించింది నేలపాలు చేస్తామా? గింజ రాలకముందే కొండవాలు మీద పొదల కింది ఎండుగడ్డికి నిప్పుపెట్టి నేల శుభ్రం చేశారు. బూడిద ఊడ్చి, కళ్ళంలో చల్లినట్టు పేడనీళ్ళు చల్లారు. నడి అడవిలో పేడనీళ్ళు చల్లిన మనుషుల్ని నేను ఇంకెక్కడా వినలేదు. గింజ రాలినంత కాలం ఆడా మగా అక్కడే గుడారాలు వేసుకుని ఊడ్చారు, చెరిగారు, మూటలు కట్టారు. రాళ్ళ సందుల్లో పడ్డవి పుల్లలతో గీకి తీశారు. దీనికంతా పెద్దదిక్కు మద్దిలేటే. తల్లి దగ్గర విన్న పద్ధతి అతనికే తెలుసు కాబట్టి, ఒక్క గింజ మిగలకూడదని వెనకాలే తిరిగి చూసింది కూడా అతనే. అక్కడ గుహను గవి అంటారు. ఒక్క ఎలుగు గవి లోయలోకి మాత్రం పోలేదు. పిల్లల్ని పెట్టిన ఎలుగొడ్డు ఆ ఏడు అక్కడ మకాం వేసింది.

ఆ వేసవిలో ఓబులమ్మ నాకు వెదురు బియ్యం సంగటి పెట్టింది. బాగుంది, అబద్ధమెందుకు.

తొలకరి పడింది. అడవంతా పచ్చబడింది గానీ వెదురు పొదలు మాత్రం తెల్లగా, పీనుగుల్లా నిలబడ్డాయి. వాటి కింద గడ్డిలా మొలకలు రావాలని మద్దిలేటి తల్లి చెప్పిందట. అతను వాలు వాలూ తిరిగి చూశాడు. ఊడ్చిన నేల ఊడ్చినట్టే ఉంది. ఇంకోపక్క ఎలుకలు మొదలయ్యాయి. దూరపు కొండల్లో ఎవరూ ఏరని గింజ తిని విపరీతంగా పెరిగిన ఎలుకలు, గింజ అయిపోగానే మూకలుగా కిందికి దిగి జొన్న చేలమీద పడ్డాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత, ఈసారి కొండే ఎలుకల్ని పంపింది. కంకి కంకీ కొరికేశాయి. వెదురు శాపం తగిలిందన్నారు రైతులు. నేను తరగతిలో ఆహారపు గొలుసు పాఠం ఆ ఎలుకలతోనే చెప్పాను. గింజ, గింజ తినే ఎలుక, ఎలుకను తినే గుడ్లగూబా పామూ, చచ్చినవాటిని మట్టి చేసే చెదలూ పురుగులూ. ఒకచోట లాగితే ఇంకోచోట కదులుతుంది. పెద్దవాళ్ళు కరువన్నదీ నేను గొలుసన్నదీ ఒకటే సంగతి, పేర్లే వేరు.

ఒక సాయంత్రం మద్దిలేటి మా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోనివాడు. అన్ని పొదలూ ఒక్కసారే ఎందుకు పూస్తాయని అడిగాడు. లెక్చరరు చెప్పింది చెప్పాను. కొన్ని పొదలే పూస్తే ఆ గింజంతా ఎలుకలూ అడవికోళ్ళూ పందులూ తినేస్తాయి. అన్నీ ఒక్కసారి పూస్తే అవి కడుపు పగిలేలా తిన్నా ఇంకా మిగులుతుంది, ఆ మిగిలిందే మళ్ళీ అడివి అవుతుంది.

"ఎలుక తిని మిగిల్చె. కోడి తిని మిగిల్చె. మేము మిగల్చకపోతిమి," అన్నాడు.

తప్పు ఒక్కడిది కాదు, ఆ తప్పు చేసింది భక్తితోనే అని చెప్పి చూశాను. వినిపించుకోకుండా లేచిపోయాడు. అతనికి పిల్లలు లేరని చెప్పాను కదా. అల్లే చేతులు తనతో ఆగిపోయినా గేరిలో మిగతా పిల్లలు అల్లుతారని ధైర్యంగా ఉండేవాడు. ఇప్పుడు వాళ్ళకు అల్లడానికి వెదురే లేకుండా చేశానన్న బాధ అతన్ని పట్టుకుంది, చివరిదాకా వదలలేదు.

వానాకాలం చివర్లో ఒంటరిగా ఎలుగు గవి లోయలోకి పోయాడు. ఎలుగొడ్డు పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది. ఎండిన పొదల కింద ఒత్తుగా గడ్డి ఉందనుకున్నాడు. అది వెదురు మొలక. ఆకు మీద వేలు రాస్తే గరుకు తగిలిందట. సాయంత్రం ఇంటికొచ్చి ఓబులమ్మకు మాత్రమే చెప్పాడు. ఓబులమ్మకు చెబితే ఊరికి దండోరా వేయించినట్టే కాబట్టి, నాకు పొయ్యి దగ్గరే తెలిసిపోయింది.

ఆ మొలక గంపకు పనికొచ్చే బొంగు కావాలంటే ఎనిమిది పదేళ్ళు పడుతుందని లెక్చరరు అన్నాడు. మొదటి నాలుగైదేళ్ళూ మేక నోరు తగలకూడదు, నిప్పు తగలకూడదు. ఈ సీమలో ఆ రెండూ తగలని చోటు ఎక్కడుంది? మాఘ ఫాల్గుణాల్లో అడవి ఎండగానే మేకల వాళ్ళు గడ్డికి నిప్పు పెడతారు, తొలి వానకు లేత గడ్డి వస్తుందని. ఇప్ప పూలు ఏరేవాళ్ళు చెట్టు కింద నిప్పు పెడతారు, పువ్వు కనబడాలని. ఎవరి పని వాళ్ళకు న్యాయమే. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు.

మద్దిలేటి చేసింది ఒక్కటే పని. ఆకు రాలే కాలం రాగానే మొగుడూ పెళ్ళాం లోయ చుట్టూ ఒక బాటంత వెడల్పున ఎండుటాకు ఊడ్చేసేవాళ్ళు, నిప్పు ఇటు దాటకుండా. ఊడ్చిన మర్నాటికే మళ్ళీ రాలేది. ఎండలు ముదిరి చివరి ఆకు పడేదాకా ఊడుస్తూనే ఉండాలి. గవి దగ్గరే వంట, అక్కడే పడక. అడివికి చీపురు పట్టిన మొగుడూ పెళ్ళాలని ఆళ్ళగడ్డ అంతా నవ్వింది. అప్పుడు ఊడ్చి పోగొట్టింది ఇప్పుడు ఊడ్చి తెచ్చుకుంటున్నామని ఓబులమ్మ ఎదురు నవ్వేది. వానాకాలంలో మళ్ళీ మేకలు పడకుండా కాపలా.

మేకలాయన పేరు నారాయణ. పెద్ద మంద, తాతల నాటి నుంచీ ఆ లోయలోనే మేపుతున్నారు. ఎదురుపడినప్పుడల్లా జగడమే. మేక నోటికి గుడ్డ కట్టమంటావా అని ఆయన, కడితే మంచిదే అని ఇతను. మూడో వేసవిలో నారాయణ అవతలి వాలులో పెట్టిన నిప్పు గాలికి ఇటు తిరిగింది. మిట్టమధ్యాహ్నం. ఊడ్చిన బాట దాటి ఒక మూల అంటుకుంది. మద్దిలేటీ ఓబులమ్మా పచ్చి కొమ్మలు విరిచి బాదుతున్నారు. నారాయణ గట్టుమీద నిలబడి చూసి, తన కంబళి తడిపి దిగి వచ్చాడు. ముగ్గురూ కలిసి ఆర్పారు. ఒక మూల మాడిపోయింది గానీ లోయ నిలిచింది. ఆ తర్వాత నారాయణ మందను లోయలోకి తోలలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే అక్కడ గడ్డి బాగుండదని చెప్పేవాడు.

ఈలోగా గేరి ఖాళీ అవుతూ వచ్చింది. చచ్చిన వెదురుకు బద్ద లేవదు, పటుక్కున విరుగుతుంది. కొందరు శ్రీశైలం డ్యాము పనులకు పోయారు. కొందరు ఆత్మకూరు కట్టె డిపోలలో కూలికి, కొందరు నంద్యాలలో తోపుడు బండ్లకు పోయారు. అంగళ్ళలో ప్లాస్టిక్ బుట్టలు వచ్చాయి. తెల్లవారి నేను కత్తి చప్పుడు లేకుండా లేవడం మళ్ళీ నేర్చుకున్నాను. మద్దిలేటి కందికట్టె తెచ్చి గంపలల్లేవాడు. మేదరోడివి కట్టె గంపలల్లుతావా అని సొంత కులంవాళ్ళే ఈసడించారు. తినడానికి అవే గతి. ఓబులమ్మ వాటిని నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మి వచ్చేది.

1983 మాఘంలో లోయ చుట్టూ ఊడ్చి ఊడ్చి వచ్చిన ఓబులమ్మకు జ్వరం తగిలింది. గుండెల్లో నెమ్ము చేరింది. నంద్యాల ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను, మందులిచ్చారు, కాస్త తేరుకుంది, మళ్ళీ తిరగబెట్టింది. మాటల మనిషి, చివరి వారం మాట్లాడలేకపోయింది. అది చూడటమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఒక పొద్దున మద్దిలేటి ఒళ్ళో తల పెట్టుకుని పోయింది.

మధ్యాహ్నానికి చుట్టాలు చేరారు. ఆత్మకూరు నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. అక్కడ మొదలైంది అసలు సంగతి. పాడె కట్టాలంటే పచ్చి వెదురు కావాలి. ఊళ్ళో ఎవరు పోయినా పాడెకు బొంగులిచ్చేది మేదరవాళ్ళే. వెదురు పోయిన దగ్గర్నుంచీ ఊరివాళ్ళు సర్వి కట్టెలతో కట్టుకుంటున్నారు. కానీ మేదరింటి ఆడపడుచు సర్వి కట్టె మీద పోతుందా అని చుట్టాలంతా ఒక్క గొంతుతో అన్నారు. ఎలుగు గవిలో అప్పటికి వెదురు మనిషి ఎత్తు దాటి నిలబడింది. సన్నగానే ఉన్నా పాడె మొయ్యగలదు. ఆ చోట నరకడానికి పర్మిటు లేదు, నిజమే, కానీ శవానికి రెండు బొంగులంటే తాను అటు తిరిగి నిలబడతానని ఫారెస్టు గార్డే అన్నాడు.

తమ్ముడు కత్తి తీసుకుని లేచాడు. మద్దిలేటి గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దప్పా. ఇంగా ముదరలేదు."

"రెండే బావా. మా యక్క మేదరది. పచ్చి బొంగు మీద పోవాల."

"ఈ పొద్దు మీ యక్కకంటావు. రేపు ఇంగొకరు వాళ్ళమ్మకంటారు. సావు లేని ఇల్లు యాడుండాది? ఒగసారి కత్తి పోయిందంటే దోవ పడతాది. ఆమె ఊడ్చి సాకింది అది. నరకనీను."

తమ్ముడు ఏడుస్తూ తిట్టాడు. ముసలివాళ్ళు నచ్చజెప్పారు. ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు. లోపల ఓబులమ్మ పసుపు రాసిన ముఖంతో పడుకుని ఉంది. నాకూ కడుపు మండిపోయింది. బతికినన్నాళ్ళూ ఆ లోయ చుట్టూ నడుం వంచి ఊడ్చిన మనిషికి, పోయేనాడు అందులోంచి రెండు కట్టెలు దక్కవా? మద్దిలేటిని దొడ్లోకి పిలిచి గట్టిగానే అడిగాను. రెండు బొంగులకు అడవి మునిగిపోదన్నాను.

అతను నాకేసి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు.

"మేం గూడా ఆ పొద్దు ఒక్కొక్క గింజే ఏరుకుంటిమి టీచరమ్మా," అన్నాడు.

ఓబులమ్మను నిచ్చెన మీద మోసుకుపోయారు. నారాయణ ఇంటి తుమ్మకట్టె నిచ్చెన. ఊరి పక్క పారే వక్కిలేటి ఒడ్డున పూడ్చారు. తమ్ముడు దినాలకు ఉండకుండా, ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఆత్మకూరుకు వెళ్ళిపోయాడు. బంధుత్వం తెగిపోయింది. పెళ్ళిళ్ళకు పిలుపు ఆగింది, గేరిలో మిగిలినవాళ్ళు కూడా మాట మానేశారు. నేను కూడా ఒక నెల మాట్లాడలేదు. మంచి పనే చేసి ఉండవచ్చు, అయినా ఆ నిచ్చెన మీద ఆమె కాళ్ళు ఊగడం నేను చూశాను. నా మనసు ఒప్పుకోలేదు.

మరుసటి చలికాలం ఆకు రాలింది. మద్దిలేటి చీపురు భుజాన వేసుకుని ఒక్కడే పోయాడు. అప్పుడప్పుడూ నారాయణ తోడు ఊడుస్తున్నాడని విన్నాను. ఇద్దరూ మాట్లాడుకోకుండా చెరో వైపు నుంచి ఊడ్చుకొస్తారట. సెలవుల్లో ఒకసారి పిల్లల్ని తీసుకుని అక్కడికి పోయాను. ఆవరణ వ్యవస్థ అంటే ఏమిటో నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పేదాన్ని, అక్కడ గీయాల్సిన పని లేకపోయింది. వెదురు వేళ్ళు పట్టుకున్న చోట వాగు మట్టి కొట్టుకుపోవడం ఆగింది. నీడలో తడి నిలిచింది. రాలిన ఆకు కింద పురుగు చేరింది, పురుగు కోసం అడవికోడి చేరింది. మాడిన మూల మాత్రం ఇంకా బోడిగా, రాళ్ళు తేలి ఉంది. పిల్లలు రెండు చోట్లా నిలబడి చూశారు. మద్దిలేటి దూరంగా కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. పిల్లలు తొక్కుతారేమోనన్న భయం తప్ప అతనికి మా పాఠం పట్టలేదు.

1987లో లోయ వెదురు ముదిరింది. చుట్టుపక్కల వాలుల్లో కూడా అక్కడక్కడా కొత్త పొదలు లేచాయి. ఆ ఏడు మేదరవాళ్ళకు మళ్ళీ పర్మిట్లు వచ్చాయి. కబురు విని శ్రీశైలం నుంచీ నంద్యాల నుంచీ మూడు కుటుంబాలు తిరిగి వచ్చాయి. మిగతావాళ్ళు రాలేదు. ప్లాస్టిక్ వచ్చాక ఎవరు కొంటారు, ఎందుకు తిరిగి రావాలి అన్నారు, వాళ్ళనీ తప్పు పట్టలేను. తొలి కత్తి మద్దిలేటినే వెయ్యమన్నారు. ఏ బొంగు కొట్టాలో, ఈ ఏటి పిలకల్ని ఎందుకు ముట్టకూడదో కుర్రవాళ్ళకు చూపించి, తన వంతుకు తాను రెండే కొట్టాడు. నిటారుగా, పొడుగ్గా ఉన్నవి. చాటలకు పనికొచ్చేవి కొట్టుకోమంటే రేపు చూద్దామన్నాడు.

మర్నాడు ఆదివారం. నేను ఆరాధన నుంచి వచ్చేసరికి అతని వాకిట్లో పాడె ఉంది. రెండు పచ్చి బొంగులు, అడ్డ బద్దలు, గడ్డి తాడు, అన్నీ పద్ధతిగా, శవానికి కట్టినట్టే కట్టాడు. గేరి అంతా తలుపులు వేసుకుంది. శవం లేని పాడె వీధిలో కదలకూడదు, కదిలితే ఇంకో చావు వస్తుందని అందరి భయం. రెండో వైపు పట్టమని ఒక్కొక్కరినీ అడిగాడట, ఎవరూ రాలేదు. నారాయణ మందతో పై కొండల్లో ఉన్నాడు.

అతను మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు పడతావా టీచరమ్మా?"

ఆడవాళ్ళు పాడె మోయడం ఎక్కడా లేదు, మాలోనూ లేదు. ఊళ్ళో ఏమంటారో, బళ్ళో ఏమంటారో నాకు తెలుసు. చెప్పులు విప్పి వెనకవైపు పట్టుకున్నాను. బరువు లేదు. అతను ముందు నడిచాడు. వీధులు వదిలి చేల గట్ల మీదుగా పోయాం. దోవలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని ముఖాలు తిప్పుకున్నారు. అతను దించుదామని ఎక్కడా ఆగలేదు.

వక్కిలేటి ఒడ్డున ఆమెను పూడ్చిన చోట మట్టి సమమైపోయి గడ్డి మొలిచింది. గుర్తుకు పెట్టిన రాయి ఉంది. పాడె దాని పక్కన దించాడు. మోకాళ్ళ మీద కూర్చుని రాయి మీద చెయ్యి పెట్టాడు.

"ఓబులమ్మా, బొంగులు తెచ్చినా. ఆ పొద్దు ఇయ్యలేకపోతి," అన్నాడు.

నేను ఏడ్చాను. నిచ్చెన మీద ఊగిన ఆ కాళ్ళు నా కళ్ళముందు అన్నేళ్ళూ ఉన్నాయి. అతను ఏడవలేదు. కాసేపటికి కత్తి తీసి పాడె కట్లు ఒక్కొక్కటిగా కోసి, రెండు బొంగుల్నీ ఆమె పక్కన పొడుగ్గా పడుకోబెట్టాడు. ఏట్లో చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఇంటికి పోయి తలకు నీళ్ళు పోసుకో టీచరమ్మా," అన్నాడు. "సావుకు వచ్చినావు గదా."